నలభయ్యో తప్పు

"ముప్పై తొమ్మిది తప్పులూ దిద్దేనండీ. నలభయ్యోది మాత్రం దిద్దను," అంది నిఖిత.

సంతకం పెట్టడానికి కళ్ళజోడు సర్దుకుంటున్న జగన్మోహనరావు గారి చెయ్యి ఆగిపోయింది. ముప్పయ్యేళ్ళ క్రితం ఆయన తీసిన 'దూరపు నేల' సీరియల్ని మళ్ళీ కొత్తగా తీస్తానంటూ హైదరాబాదు నుంచి కొత్తపేట దాకా వచ్చిందా అమ్మాయి. హక్కులు ఆయనవి. పొద్దుటి నుంచి ఇద్దరూ వరండాలో కూచుని పాత సీరియల్లోని తప్పుల జాబితా ఒక్కొక్కటే చూసుకొస్తున్నారు. ఇంతవరకూ పేచీ రాలేదు.

రాలేదంటే, ఆ పిల్ల దిద్దిన తీరు అలాంటిది. నీళ్ళే లేని గ్రహంలో వెనకాల కొబ్బరిమట్టలు ఊగుతున్నాయని అప్పట్లో అందరూ నవ్వేరు. గోదావరి ఇసుకతిన్నెల మీద తీస్తే కొబ్బరిచెట్టు కంటపడకుండా ఎలా ఉంటుంది? నిఖిత ఆ చెట్లు తీసెయ్యలేదు. ఈ కాయలు ఎవరు తెచ్చి పాతేరు, మనకన్నా ముందు ఎవరొచ్చేరు అని రెండో భాగమంతా వాటి చుట్టూ తిప్పింది. శూన్యంలో పేలుడుకి చప్పుడు తీసేసి, లోపలున్నవాళ్ళ ఊపిరి మాత్రం వినపడేలా రాసింది. ఇక రాకెట్టు తలుపు ఫ్రిజ్జు తలుపులా ఉందన్నదానికి...

"ఉండటమేంటి, అది మా ఫ్రిజ్జు తలుపే," అంది ఆయన భార్య వెంకటరమణమ్మ, కాఫీ గ్లాసులు బల్ల మీద పెడుతూ. "షూటింగు అయ్యేదాకా రోజూ పాలు విరిగేయి. అది కూడా జాబితాలో వేసుకున్నావా అమ్మా?"

"ఆయ్, వేసుకుంటానండీ," అంది నిఖిత నవ్వి.

"హైదరాబాదు పిల్ల మన కోనసీమ వాళ్ళలా ఆయ్ అంటోంది, విన్నారా?" అంటూ ఆవిడ స్తంభానికి ఆనుకుని కూచుంది.

ఆయన వినలేదు. మనసంతా నలభయ్యో తప్పు దగ్గరే ఉంది.

"మిగతావన్నీ నువ్వు దిద్దకపోయినా పోనిచ్చేద్దునమ్మా. నేను సంతకం పెట్టేదే ఆ ఒక్కదాని కోసం. పదమూడు భాగాల్లోనూ ఆ మరమనిషికి మనసు లేదని చెప్పించేను. ప్రేమ లేదు, బెంగ లేదు. కథంతా దాని మీదే నిలబడింది. తీరా ఆఖర్న, అందరూ దాన్ని వదిలేసి రాకెట్టులో వెళ్ళిపోతుంటే, గుండె మీద రెండు దెబ్బలు కొట్టుకుని చెయ్యెత్తింది. నేను చెప్పలేదు. స్క్రిప్టులో లేదు. టేపు అయిపోయింది, వెలుతురు పోయింది, మళ్ళీ తియ్యలేకపోయేను. తన కథ తనకే తెలియని దర్శకుడని పేపర్లో వేసేరు. తరవాత నాకింకెవరూ సీరియలు ఇవ్వలేదు."

"ఆ మరమనిషి తొడుగు లోపల ఉన్నదెవరండీ?" అడిగింది నిఖిత.

"ఎవరో. రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు లోడు చేసే మనిషి. ఆ రేకు తొడుగు మోసే ఒళ్ళు కావాలని తెచ్చుకున్నాం. పేరు గుర్తు లేదు. ఆ రోజు నానా మాటలూ అన్నాను. ఎందుకు చేసేవయ్యా అంటే చెప్పలేదు. తప్పైపోయిందండీ అని తొడుగు విప్పేసి వెళ్ళిపోయేడు."

నిఖిత కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"నేను చెప్పనాండీ? గెలలన్నీ ఎక్కించి తాడు బిగించేక, లారీ పక్క రేకు మీద రెండు దెబ్బలు కొట్టి చెయ్యెత్తుతారు. సరుకు భద్రం, ఇక బయల్దేరు అని. ఆ చప్పుడు వినందే డ్రైవరు బండి కదపడు. మరమనిషికి మనసు లేకపోతే లేకపోయిందండీ. మనుషుల్ని ఎక్కించే పని దానిది. ఎక్కించేనని చెప్పింది. కొత్తదాంట్లో మొదటి భాగం నుంచే పెట్టేను. ఎవర్ని ఎక్కించినా రెండు దెబ్బలు కొట్టి చెయ్యెత్తుతుంది. ఆఖర్న కూడా అదే చేస్తే తప్పనిపించదండి. చూసేవాళ్ళు ఏడుస్తారు."

జగన్మోహనరావు గారు బల్ల మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టి చూసేరు. మళ్ళీ ఇంకోసారి కొట్టేరు.

"బాగుంది," అన్నారు చివరికి. "ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదు. సరే, ఉంచుకో. కానీ చిన్న సవరణ. రాకెట్టు ఎడంచేతి పక్కనుంది. చూస్తే దానికేసి కదా చూడాలి? అతను కెమెరా పక్కకి, కిందకి చూసేడు. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ చూపొకటి రాకెట్టు వైపు తిప్పించు, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

"తిప్పనండీ."

"అదేంటమ్మాయ్," అంది వెంకటరమణమ్మ. "ఇంత పట్టుదల మనిషీ అంత దిగొచ్చేరు కదా, నువ్వు మెడ కాస్త తిప్పించడానికేం?"

నిఖిత కాయితాలన్నీ ఫైల్లో సర్దుకుని లేచి నించుంది. "ఆ చూపు మారిస్తే నాకీ సీరియలే అక్కర్లేదండీ."

"చూపు తప్పేనమ్మా," అన్నారాయన మెల్లిగా. "ఒప్పుకో."

"ఒప్పుకుంటానండీ. కానీ ఆ తప్పు ఆయనది కాదు, నాది. ఆరేళ్ళదాన్ని, అన్నం కారియరు పట్టుకుని కెమెరా పక్కన నించుని, ఆ రేకులో ఉన్నది మా నాన్న కాదని ఏడుస్తున్నాను."