గుడ్లు యాడికి పోతాండాయి?

సోమవారం తెచ్చిన ముప్పై గుడ్ల ట్రేలో గురువారానికి నాలుగే మిగిలాయి. కరుణ రెండుసార్లు చూసుకుంది. రాగిమాల్ట్ డబ్బా అడుగంటింది. నెయ్యి సీసా సగానికి దిగింది.

ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, కరుణ, ఆమె తండ్రి పరంజ్యోతి. కరుణ పొద్దున సచివాలయానికి ఉద్యోగానికి పోతే సాయంత్రమే రావడం. పగలంతా తండ్రి దగ్గర ఉండేది నర్సు జీవమ్మ.

"నాయనా, గుడ్లు యాడికి పోతాండాయి?"

పరంజ్యోతి పేపరు దించలేదు. "నేనే తింటాండా."

"నాలుగు దినాల్లో ఇరవై ఆరా?"

"ఎముకకు బలం రావాల గదమ్మా."

ఆయన రిటైరైన ఆర్టీసీ కండక్టరు. టికెట్ తీసుకోనివాళ్లు చెప్పే అబద్ధాలు ముప్పై ఏళ్లు విన్నాడు. తనకు మాత్రం ఒక్కటి చెప్పడం చేతకాలేదు. నర్సును వెనకేసుకొస్తున్నాడని కరుణకు అర్థమైపోయింది.

బాత్రూంలో జారి కాలు విరగ్గొట్టుకున్న తండ్రికి రెండు నెలల కిందట నంద్యాలలో కట్టు విప్పారు. ఆ రోజే డాక్టర్ ప్రేమ్ సాగర్ కాగితం రాసిచ్చాడు. ఇంటి దగ్గర పగలంతా నర్సు ఉండాలి, జీవమ్మనే పెట్టుకోండి అని. ఆమె నంద్యాలలో ఒక పెద్దాసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోతుంది. వచ్చిన కొత్తలో ఆమె జాకెట్టు ఒంటి మీద వేలాడుతూ ఉండేది. ఇప్పుడు పక్క కుట్లు విప్పి వదులు చేసుకుంది. కరుణకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అయినా మాట వరసకు అడిగింది. "సిస్టర్, నాయన బాగా తింటాండాడా?"

"మీ నాయనా? పెద్ద మొండోడమ్మా. నేను నోట్లో పెట్టుకుంటే గాని పళ్లెం ముట్టడు. నాలుకకు రుచి తెలీడం లేదంట. ఉప్పు చూసేది నేనే."

బాగానే చూస్తాండావులే అనుకుంది కరుణ.

శుక్రవారం పర్మిషన్ పెట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వాకిట్లోకి పోకుండా వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. జీవమ్మ చేతికి చిక్కితే ఆ సాయంత్రం బస్సే ఆమెకు ఆఖరి బస్సు.

వంటింట్లో జీవమ్మ లేదు. పరంజ్యోతి వాకర్‌ను మూలకు తోసి, చకచకా నడిచి, పై అరలో ఉన్న నెయ్యి సీసా అందుకున్నాడు. నాలుగు గుడ్లు పగలగొట్టి, చర్చిలో పాడే పాట ఈల వేస్తూ ఆమ్లెట్ తిప్పాడు. పెరటి తలుపు చప్పుడైంది. ఆయన ఒక్క అంగలో వాకర్ పట్టుకుని "అబ్బా" అన్నాడు.

"మళ్లీ లేచినావా అన్నా? పడితే ఎవరిది జవాబు?" అంటూ జీవమ్మ లోపలికి వచ్చింది.

"నీదే. అందుకే నువ్వు రేపూ రావల్ల. ఉప్పు చూడు సిస్టర్."

ఆమె ఒక ముక్క తుంచింది. "సరిపోయింది."

"ఆ పక్క చూడు. ఆ పక్క సప్పగుందేమో."

చూసి చూసి ఆమె ఆమ్లెట్ అంతా తినేసింది. పరంజ్యోతి చారన్నం కలుపుకున్నాడు.

కరుణ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. దొంగ నర్సు కాదు. అమ్మ పోయి ఆరేళ్లయింది. డెబ్భై ఒకటో ఏట నాయన కుంటి నాటకం ఆడుతున్నాడు, ఒక ఆడమనిషి రోజూ ఇంటికి రావాలని.

శనివారం పొద్దున్నే ఆమె నంద్యాలలో డాక్టరు ఎదుట కూర్చుంది.

"సార్, నాయన మిమ్మల్నీ మోసం చేస్తాండాడు, ఆ సిస్టర్‌నీ మోసం చేస్తాండాడు. కాలు బాగుంది. సోమవారం నుంచి ఆమె రానక్కర్లేదని రాసియ్యండి."

ప్రేమ్ సాగర్ పెన్ను తీయలేదు. "ఆమె తింటాందా?"

"ఏందీ?"

"జీవమ్మ సిస్టర్. తింటాందా?"

"ట్రేలకు ట్రేలు తింటాంది సార్."

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు చాలాసేపు ముఖం మీదే ఉంది. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాకు సూది పట్టుకునేది నేర్పింది ఆ సిస్టరే. పోయినేడు ఒక్కగానొక్క కూతురు పోయినాక పొయ్యి ముట్టించడం మానేసింది. నేను పోతే తలుపు తీయలేదు. మీ నాయన కాలు కట్టు విప్పిన రోజే బాగైందమ్మా, అది ఆయనకూ తెలుసు. ఆమెకు మందు రాస్తే మింగదు, అందుకే ఒక పేషెంటును రాసిచ్చినా."