గుర్తులేని స్టేషను

"ఆదివారం సభలో మీ జ్ఞాపకం కూడా ఒకటి ఉండాల మాస్టారూ," అన్నాడు తిరుమలరావు.

"దేని గురించి?"

"ఏటండి, తెలీనట్టు అడుగుతారు! మన ఊరి రైలు స్టేషను గురించి."

కూర్మనాథం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పుట్టింది మొదలు ఆయన ఆ ఊరు విడిచి ఉండలేదు. ఆ ఊరికి ఏనాడూ రైలు లేదు. రైలెక్కాలంటే ఎవరైనా ఆమదాలవలస వెళ్ళవలసిందే.

"మన ఊళ్ళో స్టేషను ఎక్కడుందయ్యా?"

"ఇప్పుడు నేదు. అందుకే కదండీ సభ!"

తిరుమలరావుది మందుల దుకాణం. స్టేషను సాధన సంఘానికి కార్యదర్శి కూడా అతనే. కొత్త స్టేషను అడిగితే రైల్వేవాళ్ళు ఇవ్వరనీ, ఒకప్పుడు ఉండి పోయిన స్టేషను అడిగితే ఇవ్వక తప్పదనీ అతనికి ఎవరో చెప్పారట. ఆ మాట పొక్కిన నాటి నుంచి ఊరంతటా జ్ఞాపకాలు మొలకెత్తాయి.

కూర్మనాథం ఊరి కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? ఉంటే కనిపించేది, కనిపించడం లేదు కనుక లేదు. ఏటేటా పిల్లలకు చెప్పిన పాఠమే. ఈ ఊళ్ళో రైలు పట్టా లేదు, పట్టా వేసిన కట్ట లేదు, స్టేషనుదని చూపడానికి ఒక్క ఇటుకైనా లేదు. సభలో ఆ మాటే చెప్పాలని ఆయన నిశ్చయించుకున్నారు.

ఇంటికి వచ్చి ఆ మాటే భార్యతో అన్నారు. జ్ఞానాంబ బెండకాయలు తరుగుతూ ఆగింది.

"ఇదేవిటండీ! మన పెళ్ళికి మీరంతా రైలెక్కింది ఇక్కడే కదా. మీ మావయ్యగారి చెప్పు పట్టాల మీద పడిపోతే ఒంటి చెప్పుతోనే విడిదికి వచ్చారు. మా పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది."

"నాకు గుర్తులేదు."

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మరిచారు. నిన్న కళ్ళజోడు నెత్తి మీద ఉంచుకుని ఇల్లంతా వెతికారు. విశాఖపట్నంలో ఎవరో మంచి డాక్టరు ఉన్నాడటండీ. సభ అయ్యాక ఒకసారి చూపించుకుందాం."

ఆయనకు మొదటిసారిగా భయం వేసింది. ఊరంతా కలిసి అబద్ధమాడటం సంభవమే. కానీ జ్ఞానాంబ?

గదిలోకి వెళ్ళి మంచం కిందనున్న పాత ట్రంకుపెట్టె లాగారు. మూత మీద తెల్లరంగుతో తన పేరు. తండ్రి రాసింది. కొడుకు వస్తువు ఏదైనా సరే, ఆ చేయి పేరు రాయకుండా వదిలేది కాదు. అక్షరాలన్నీ పక్కకు వాలి ఉంటాయి, గాలికి వంగిన వరిచేనులా. తన చిన్నతనంలోనే తండ్రి పోయారు. అయినా ఆ చేయి గుర్తుంది, ఆ రంగు వాసన గుర్తుంది. ఇంత గుర్తున్న మనసు ఒక స్టేషనును మొత్తంగా పోగొట్టుకుంటుందా?

ఆదివారం లక్ష్మణమ్మ గారి రైసుమిల్లు ఆవరణలో సభ జరిగింది. ఆవిడే అధ్యక్షురాలు. స్టేషను మాస్టరు కూతుర్నని చెప్పుకుంటుంది. అబద్ధాలన్నింటిలోకీ అది పెద్దదని కూర్మనాథం అనుకున్నారు.

"ఆ రైలు మర్యాదే వేరు," అని అందరికంటే ముందు లేచి మొదలుపెట్టాడు ఊరివాడు గిరిబాబు. "మా నాయనమ్మ పొయ్యి మీద పులుసు పెట్టిందంటే, డ్రైవరు కిందకి దిగొచ్చి, 'ఇంకెంతసేపే అత్తా?' అనీవోడు."

"దిగొచ్చేవోడు సరే, పులుసు తాగకుండా ఎల్లీవోడు కాదని కూడా సెప్పరా!" అన్నారెవరో వెనక నుంచి.

స్టేషనుది పెంకుల కప్పని ఒకరు, రేకుల కప్పని ఒకరు వాదించుకుని చొక్కాలు పట్టుకున్నారు.

"ఒరే, కూకోండి! ఎండాకాలం పెంకులు, వానాకాలం రేకులు. మా అయ్య దగ్గరుండి మార్పించీవోడు," అని తీర్పు చెప్పింది లక్ష్మణమ్మ. అందరూ తృప్తిగా కూర్చున్నారు.

తిరుమలరావు మైకు అందుకున్నాడు. "ఇప్పుడు కూర్మనాథం మాస్టారు. పెద్దాయనకి ఈ మధ్య మతిమరుపు. ఏటి గుర్తుంటే అదే సెప్తారు, నవ్వకండి."

ముందు వరుసలో జ్ఞానాంబ తల దించుకుంది.

కూర్మనాథం లేచారు. నిజం చెబితే మతి తప్పినట్టే లెక్క. తన మనసు నిలకడగా ఉందని రుజువు చేసుకోవడానికి ఆయన జీవితంలో మొదటిసారి అబద్ధమాడారు.

"చిన్నప్పుడు మా నాన్నగారితో ఆ స్టేషనుకు వెళ్ళాను. జోరున వాన. రైలొచ్చిన తొందరలో నా గొడుగు బల్ల కింద మరిచిపోయాను. నాన్నగారు తిట్టలేదు. 'స్టేషనే కదరా, ఎక్కడికి పోతుంది' అన్నారు."

చప్పట్లు మోగాయి. జ్ఞానాంబ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆయన పక్కకు వచ్చి, "ఇంక విశాఖపట్నం వద్దులెండి," అంది. ఆయనకు కలిగింది సిగ్గో ఊరటో ఆయనకే తెలియలేదు.

లక్ష్మణమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆయన ముఖంలోకి తేరిపార చూసి, మిల్లు వెనకనున్న తన ఇంట్లోకి వెళ్ళింది. దొరికిపోయానని కూర్మనాథం అనుకున్నారు.

ఆవిడ గోనెగుడ్డ చుట్టిన పొడవాటి వస్తువుతో తిరిగి వచ్చింది.

"స్టేషను ఎత్తేసినప్పుడు, జనం మరిసిపోయిన సామాన్లు మా అయ్య ఇంటికి తెచ్చినాడు మాస్టారూ. ఒక్కొక్కరూ అడిగి పట్టుకుపోనారు. ఇదొక్కటే మిగిలిపోనాది. అడగాల్సినోడు అడిగితేనే ఇమ్మన్నాడు మా అయ్య."

కూర్మనాథం గోనెగుడ్డ తీసి, లోపలున్న గొడుగు విప్పారు.

పురుగులు తిన్న ఆ నల్లగుడ్డ మీద, తెల్లరంగుతో, పక్కకు వాలిన అక్షరాల్లో ఆయన పేరే ఉంది.