గుంట పడని రంగు

"ఇందులోనూ ఉందండీ," అంటూ ఆమె ఆ ట్యూబును కూడా పక్కన పెట్టేసింది.

మందుల షాపావిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. అప్పటికే కౌంటరు నిండా ట్యూబులూ డబ్బాలూ పరుచుకుని ఉన్నాయి. అట్ట మీది సన్నక్షరాల్లో 'కోన్' అనో 'సిలోక్సేన్' అనో ముగిసే పేరు కనిపిస్తే చాలు, ఆమె దాన్ని తేలును చూసినట్టు చూస్తోంది.

"మొహానికా?" అని అడిగింది షాపావిడ.

"మావారి చేతులకండీ. ఆయనది సున్నితమైన చర్మం. వాసన కలిపినవి రాస్తే దద్దుర్లొస్తాయి. వాసన లేనివాటిలో చూస్తే సిలికోన్ ఉంటోంది. అది ఉంటే ఆయన ఉద్యోగం పోతుంది."

క్రీముకీ ఉద్యోగానికీ సంబంధమేమిటో షాపావిడకు బోధపడలేదు. ఆమె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. భర్త కార్లకు రంగు కొట్టే షెడ్డులో పెయింటరు. అతను రంగు కొట్టిన తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చని అక్కడ అందరూ అతన్ని 'అద్దం' అని పిలుస్తారు. అలాంటి వాడి చేతిలో ఒకరోజు ఎర్ర కారు బానెట్ మీద ఆవగింజల్లాంటి గుంటలు తేలాయి. రంగు కుదురుగా పరుచుకోకుండా ఎక్కడికక్కడ విడిపోయింది. ఎవరి ఒంటి మీదో సిలికోన్ ఉందనీ, చేతి నుంచి గుడ్డకూ, గుడ్డ నుంచి రేకుకూ అంటిందనీ పెద్ద పెయింటరు తేల్చాడు. షెడ్డులో చేతులకు క్రీము రాసుకునేది అద్దం ఒక్కడే. రాయకపోతే వేళ్ళ సందులు పగిలి నెత్తురొస్తుంది మరి.

ఇంకొన్నాళ్ళు చూస్తామన్నారని భర్త ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. అప్పట్నుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు.

"ఆ క్రీము కొనిచ్చింది నేనే," అంది గొంతు తగ్గించి. "పట్టులా జారుతోందని మురిసిపోయి కొన్నాను. ఆ జారుడంతా సిలికోనేనట."

షాపావిడ లోపలికి వెళ్ళి అడుగు అరలోంచి ఒక మొద్దు డబ్బా తెచ్చింది. కాస్త జిడ్డుగా ఉంటుందనీ, చూడ్డానికి ముద్దుగా ఉండదనీ, కానీ వద్దన్నవేవీ ఇందులో లేవనీ చెప్పింది. ముందు మోచేతి మడతలో కాస్త రాసి, రేపటిదాకా ఆగి చూడమంది. ఆమె మాత్రం అట్ట మీది అక్షరాలన్నీ రెండుసార్లు చదివాకే డబ్బు తీసింది.

మోచేతి మడత ఎర్రబడలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆమె భర్త చేతులు ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకీ మందు రాసేది. అతను బుద్ధిమంతుడైన పిల్లాడిలా ఎటో చూస్తూ కూర్చునేవాడు. సాయంత్రం అతను గుమ్మం ఎక్కీ ఎక్కకముందే ఒకటే ప్రశ్న.

"ఇవాళ ఎలా ఉంది?"

"గుంటలు తగ్గాయి," అన్నాడు మొదట్లో. తర్వాత రెండో మూడో అన్నాడు. ఒకరోజు అసలే లేవనీ, పెద్దాయన భుజం తట్టాడనీ చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లో నిలబడి హాయిగా ఏడ్చింది.

అయినా భయం మొత్తంగా వదల్లేదు. తన చేతుల నుంచి అతని క్యారేజీకి అంటుతుందేమోనని తన మొహం క్రీమూ, తలకు రాసుకునే సీరమూ చెత్తబుట్టలో పడేసింది. అతని బట్టలు విడిగా ఉతికింది. ఇన్నేళ్ళూ ఆ చొక్కాల్లో రంగులో కలిపే థిన్నరు వాసన కొట్టేది. ఇప్పుడు అదీ లేదు. షెడ్డులో కొత్త ఫ్యాన్లు పెట్టారన్నాడు భర్త. ఒంటికి మంచిదేలే అనుకుంది.

తీరా చూస్తే గుంటలు పోయాయి కానీ చేతులు మాత్రం బాగుపడలేదు. బాగుపడకపోగా అరచేతులు మొద్దుబారాయి. పగుళ్ళలో బూడిదరంగు పొడి ఇరుక్కుని, ఎంత కడిగినా వచ్చేది కాదు. రేకుకు పుట్టీ రుద్దుతున్నాను కదా అన్నాడు. కుడి భుజం మీద కూడా చర్మం ఎర్రగా ఒరిసిపోయింది. రంగు కొట్టే గన్ను పైపు రాసుకుంటోందన్నాడు. మందు రాస్తుంటే పళ్ళు బిగించి ఊరుకునేవాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. రేకు మీద ఆవగింజంత గుంట పడితే గోల చేసినవాళ్ళకు మనిషి చేతులు ఇలా అయితే కనబడదా? వారం రోజులు సెలవిమ్మని తానే వెళ్ళి అడుగుతానంది.

భర్త తింటున్న ముద్ద ఆపేశాడు. "నువ్వక్కడికి రాకు. నామీద ఒట్టు."

"వస్తే ఏమవుతుంది?"

"నలుగురూ నవ్వుతారు," అని చెయ్యి కడిగేసుకున్నాడు.

ఒట్టు తీసి గట్టున పెట్టి, మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆ డబ్బాను సంచీలో వేసుకుని బయల్దేరింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. గట్టిగా అడిగితే కోపమొచ్చి తీసేస్తారేమో. మెత్తగా అడిగితే వినిపించుకోరేమో. షెడ్డు గుమ్మం దగ్గర ఆగింది. లోపల ఎవరో ముసుగు తగిలించుకుని నీలం కారుకు రంగు కొడుతున్నారు. భర్తేనేమోనని తొంగి చూసింది, కాదు.

తెల్ల మీసాల పెద్ద పెయింటరు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. తాను అద్దం భార్యనని చెప్పి, డబ్బా అతని చేతిలో పెట్టి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. తప్పు తనదేననీ, ఆ బానెట్ పాడైన రోజు నుంచీ ఇంట్లో సిలికోన్ చుక్క లేదనీ, కావాలంటే అట్ట చదువుకోమనీ అంది.

"గుంటలు పడటం లేదని మీరే భుజం తట్టారట. మీ మేలు మరిచిపోం. ఆ చేతులు మానేదాకా వారం సెలవివ్వండి బాబాయ్‌గారూ. ఉద్యోగం మాత్రం తీసేయకండి."

ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. అట్ట చదవలేదు. పక్కనున్న స్టూలు దులిపి ఆమె ముందుకు జరిపి, ఆమె కూర్చునేదాకా ఆగాడు.

"ఆ బానెట్ పాడైన రోజే అతన్ని తీసేశాను తల్లీ."