నిమ్మాకు వాటా

"మీ చీమల్ని మీరు కట్టేసుకుంటారా, పుట్టలో నన్ను మందు పొయ్యమంటారా?"

పొరుగావిడ దోన్యా ఉబల్దినా మందు డబ్బా పట్టుకుని కంచె మీదికి వంగింది. ఆమె వెనక నిమ్మచెట్టు మూడు రోజుల్లో బోడి అయిపోయింది.

కంచెకి ఇవతలున్న దోన్ ఎపిమేనియో పరుగెత్తుకొచ్చాడు. బరిచారా ఊళ్లో వానలు పడి వారమైంది. ఒక్క పూట ఎండ కాస్తే చాలు, పుట్టలోంచి పెద్ద పిర్రల రాణి చీమలు రెక్కలతో బయటికొస్తాయి. ఏడాదికొక్కసారే. ఉప్పు వేసి వేయిస్తే ఆ రుచి ముందు మాంసం ఎందుకూ పనికిరాదు. పుట్ట ఎవరి నేలలో ఉంటే చీమలు వాళ్లవి. అది ఊరి కట్టుబాటు. ఈ పుట్ట కంచెకి ఇవతల, ఎపిమేనియో వైపే ఉంది.

"ఆగండాగండి! అవి మీ ఆకు తిన్లేదు."

"మరి ఏమైనట్టు? నేను నమిలానా?"

"చీమలు ఆకు తినవు దోన్యా. లోపలికి మోసుకెళ్లి, నమిలి ముద్ద చేసి, దానిమీద బూజు పెంచుతాయి. ఆ బూజే వాటి తిండి. మనకి మొక్కజొన్న చేను ఎలాగో వాటికి అది అలాగ. మా మనవరాలి బడి పుస్తకంలో బొమ్మతో సహా ఉంది."

గెలిచానన్నట్టు ఎపిమేనియో మీసం దువ్వుకున్నాడు. ఉబల్దినా డబ్బా కింద పెట్టింది.

"అంటే, ఆ సాగుకి ఎరువు నాదన్నమాట."

"అంతేగా మరి."

"అయితే పంటలో సగం నాది. ఊళ్లోవాళ్ల పొగాకు చేలకి ఎరువు పెట్టినందుకు మీరు తీసుకునేదీ సగమే కదూ?"

ఎపిమేనియో మీసం మీంచి చెయ్యి తీసేశాడు. తన మాటే తన మెడకి చుట్టుకుంది. డబ్బా వైపు ఒకసారి, పుట్ట వైపు ఒకసారి చూసి, "సరే, సగం మీకు" అన్నాడు.

మర్నాడు ఎండ కాసింది. ఇద్దరూ బూట్లు తొడుక్కుని పుట్ట చుట్టూ గెంతుతూ, వేళ్లు కరిపించుకుంటూ, ఒకరినొకరు చూసి పగలబడి నవ్వుతూ చీమల్ని పట్టారు. ఉబల్దినా కుండ నిండా పట్టుకుని, పాట పాడుకుంటూ ఇంటికి వెళ్లింది. అంత సంతోషంగా ఆమెను ఈ మధ్య ఎవరూ చూడలేదు.

ఇక్కడ వంటింట్లో చీమలు వేయిస్తున్న ఎపిమేనియో భార్య ఎర్సీలియా మాత్రం మూతి ముడుచుకుంది.

"అడిగిందే తడవుగా సగం ఇచ్చేస్తారా? బేరమైనా ఆడొద్దూ? మహా ధర్మాత్ములు!"

ఎపిమేనియో పెనంలోంచి ఒక చీమని తీసి నోట్లో వేసుకుని కరకరా నమిలాడు.

"మెల్లగా మాట్లాడవే. మొన్న కంచె బాగుచేస్తూ హద్దు కొలిచి చూశా, మన కంచే అటు జరిగి ఉంది. పుట్ట మొత్తం ఆవిడ నేలలోనే ఉంది."