కొత్త లైబ్రేరియన్

రోడ్డు దాటేసరికే అతనికి సగం ప్రాణం పోయింది.

"నడిరోడ్డు మీద ఆగిపోతావేంట్రా? బస్సులు నీకోసం ఆగుతాయా?" అక్క రెక్క పట్టుకుని లాగింది.

"వెనకాల ఎవరైనా వస్తున్నారా అక్కా?"

"ఎవరూ రావట్లేదు."

ఆ మాటతో అతని భయం తగ్గకపోగా రెట్టింపైంది.

లైబ్రరీ మెట్ల దగ్గర అక్క అతని కాలరు సరిచేసింది. "నలభై దాటాక దూరవిద్యలో లైబ్రరీ సైన్స్ పీజీ చేశావు. అదీ ఫస్ట్ క్లాసులో. లోపలికెళ్లి బెల్లం కొట్టిన రాయిలా నిలబడకు."

"ఇదీ పోతే?"

"పోతే ఇంకోటి. నడువు ముందు."

లోపలికి రమ్మని పిలిచారు. మూసి ఉన్న తలుపు ముందు అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి చీఫ్ లైబ్రేరియనే లేచొచ్చి తీసింది.

"తోసుకుని రావచ్చుగా," అని నవ్విందామె.

కూర్చోమనేదాకా కూర్చోలేదు. పుస్తకాల వర్గీకరణ గురించి అడిగితే గడగడా చెప్పాడు. కేటలాగు గురించి ఇంకా బాగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఒక్క ప్రశ్న కోసమే ఒళ్లు బిగబట్టుకున్నాడు. అది రానే వచ్చింది.

"ఇంతకుముందు ఏదైనా లైబ్రరీ చూసుకున్నారా?"

"చిన్నదండీ. నాలుగు బీరువాలు. పుస్తకం ఎత్తుకుపోయినవాళ్లు మాత్రం లేరు."

"అదృష్టవంతులు. ఇక్కడ వెళ్లినవాటిలో సగం తిరిగిరావు." ఆమె ఫైలు మూసింది. "మీ దరఖాస్తు మొత్తం చదివే పిలిచాం. రేపట్నుంచి రండి. పొద్దున్నే వచ్చి మీరే తెరవాలి."

సొరుగులోంచి తాళంచెవుల గుత్తి తీసి అతని చేతిలో పెట్టింది.

గుత్తి జారి కింద పడింది. ఆ చప్పుడుకి అతను దిగ్గున లేచి, గోడకు వీపు ఆనించి, నిటారుగా నిలబడిపోయాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు మేడమ్."

వంగి, గుత్తిని రెండు చేతులతో తీసుకున్నాడు. కళ్ల ముందు అంతా మసకబారింది.

హత్య చేసి జైలుకెళ్లిన ఇన్నేళ్లలో అతన్ని లోపలపెట్టి తాళం వేసినవాళ్లే గాని, నమ్మి తాళంచెవి చేతికిచ్చినవాళ్లు లేరు.