పసరు రాయని చేయి

రాత్రి ల్యాబులోని దోమల గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఆకు పసరు రాసుకున్న చేతిని, ఇంకా వైరస్ ఎక్కించని డెంగీ దోమల పంజరంలో పెట్టింది. ఒక్కటీ వాలలేదు. సంతోషం పట్టలేక భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, నా ఆకు పనిచేసింది!"

"అప్పుడే సంబరపడకు. పసరు రాయని చేయి కూడా పెట్టాలని రోజూ చెప్తావుగా. పెట్టావా?"

అప్పుడు పెట్టింది. దానిమీదా వాలలేదు.

ఆకలిగొన్న దోమలు మనిషి ఊపిరి వచ్చే వైపే మూగుతాయి. ఇవన్నీ అవతల, తాళం వేసిన స్టోరు గదికేసి పంజరం వలకు అతుక్కుని ఉన్నాయి. ఆ మాటే అతనికి చెప్పింది.

"అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు భర్త.

"లేరండీ."

అంతలో దోమలు వల వెంబడే ఆమె వైపు జరగసాగాయి. తన ఊపిరికేనేమోనని ఆమె ఊపిరి బిగబట్టింది.

అయినా అవి వస్తూనే ఉన్నాయి.