ఎవరికీ ఏమీ కానివాడు

"ఆ ఇద్దర్నీ విడదీయండి టీచరమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను."

బడి గుమ్మానికి అడ్డంగా నిలబడిందామె. పెద్దల ఎదుటికి వెళ్లేటప్పుడు మర్యాదకని ఆ దీవులవాళ్లు నడుముకు చుట్టుకునే చాప, పడవ ప్రయాణంలో తడిసి ఇంకా కారుతోంది.

"ఏ ఇద్దర్ని?" అంది సేయిని టీచర్.

"సెమిసినీ, వికానీ."

సేయినికి మిగిలిన ఆశ ఆ జట్టొక్కటే.

పిల్లలు నలుగురేసి కూర్చుని ఒకరికొకరు పాఠం చెప్పుకోవాలని జట్లు కట్టిందామె. కానీ లిఫుకా దీవిలో అందరూ చుట్టాలే. అక్కడి ఆచారంలో పెదనాన్న కొడుకూ అన్నే, మేనత్త కొడుకూ అన్నే. అన్న ఎదుట చెల్లెలు నోరు విప్పితే తప్పు. జట్లన్నీ మూగబోయాయి.

"ఈ పరీక్షా పోతే జట్లూ వద్దు, గిట్లూ వద్దు" అనేశాడు పెద్దసారు.

అప్పుడొచ్చాడు సెమిసి, వవావు దీవి నుంచి. ఇక్కడ ఎవరికీ ఏమీ కాడు. వాడితో ఎవరైనా మాట్లాడవచ్చు. ఏడాదిగా పెదవి కదపని వికా, వాడు పక్కన చేరాక గలగలా లెక్కలు చెబుతోంది.

"ఎందుకు విడదీయాలి? నువ్వెవరు?"

"చెప్పకూడదు. బైబిలు మీద ఒట్టేశాను."

"అయితే నీ ఒట్టు నువ్వే దాచుకుని నడు."

లోపల వికా ఏదో అంది. సెమిసి పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు వినగానే వచ్చినామె గబుక్కున గదిలోకి దూరింది.

"వీడు దొంగ! వవావులో చర్చి చందా కొట్టేశాడు! అమ్మాయీ, లేచి దూరంగా పో!"

"అబద్ధం టీచర్! ఈవిడెవరో నాకు తెలీదు!" అంటూ సెమిసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, వీడికి కూడికలే రావు. కొట్టేసి ఏం లెక్కపెట్టుకుంటాడు?" అంది వికా, వాడి పక్కకు మరింత జరుగుతూ.

తరగతి గొల్లుమంది.

సేయిని ఆమె రెక్క పట్టుకుని బయటికి ఈడ్చింది. "పరాయి బిడ్డ మీద నింద వేయడానికి నోరెలా వచ్చిందే నీకు?"

ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ రేవు వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం వికా నాయనమ్మ ఉడికించిన చేమదుంపలు పట్టుకొచ్చింది.

"మా పిల్ల నోరు విప్పిందట! ఎవరు టీచరమ్మా ఆ పుణ్యాత్ముడు?"

"కొత్త పాస్టరు గారి పెంపుడు కొడుకు, సెమిసి. పాపం, పొద్దున ఎవరో ఒకావిడ పడవ దిగొచ్చి, వాణ్నీ వికానీ విడదీయమంటూ వాణ్ని దొంగని చేసి పోయింది."

ముసలామె రేవు వైపు చూసింది.

"వెళ్లిపోయిందా?"

"మధ్యాహ్నం పడవకే."

ముసలామె మెట్టు మీద కూర్చుంది.

"వాళ్లిద్దరూ కవలలు టీచరమ్మా. ఆడపిల్లని మేం తెచ్చుకున్నాం, మగబిడ్డని ఎవరో పాస్టరు తీసుకెళ్లాడు. ఎన్నటికీ చెప్పనని ఒట్టేయించుకున్నది నేనే... ఆ ఒట్టు తప్పలేక, కన్నకొడుకునే దొంగని చేసిపోయిందా ఆ పిచ్చితల్లి!"